అనుమతి లేని జేబు

1977 జూన్‌లో విశాఖపట్నం బీచి రోడ్డు మీద ఉన్న ఒక పెద్ద హోటల్లో నన్ను మ్యుజీషియన్, గ్రేడ్ టూ, తంత్రీ వాద్యాలు అనే హోదాలో తీసుకున్నారు. హోటలు పేరు చెప్పను. ఇప్పుడది లేదు. ఉన్న రోజుల్లో కూడా దానికి నా మీద అంత మంచి అభిప్రాయం లేదు. ఉద్యోగుల జాబితాలో వాద్యకారులకు వేరే విభాగం ఉండేది కాదు. వడ్డన సిబ్బందిలోనే, వెయిటర్లకు కింద, గిన్నెలు కడిగేవాళ్ళకు పైన మా పేర్లు రాసేవారు. ఈ వరస పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి, నేను చెప్పబోయే చిక్కులో సగం అందులోంచే పుట్టింది.

అంతకు ముందు ఎనిమిదేళ్ళు నేను బొబ్బిలి, పార్వతీపురం ప్రాంతాల్లో హరికథలకు ఫిడేలు వాయించాను. హోటలు వాళ్ళకు కావలసింది డబుల్ బాస్ వాయించే మనిషి. అది ఫిడేలు ఆకారంలోనే ఉండే ఆరడుగుల వాద్యం. పక్కన నిలబడి, దాని మెడ పట్టుకుని, కుడిచేతి వేళ్ళతో తీగలు మీటాలి. బ్యాండు లీడరు మెల్విన్ గారిది వాల్తేరు రైల్వే కాలనీ. గూడ్సు గార్డుగా రిటైరై పియానో ముందు కూర్చున్నారు. నా ఫిడేలు పది నిమిషాలు విని, మూలన నిలబెట్టిన బాస్ చూపించి, "ఇదీ అదే బాబూ, కొంచెం పెద్దది" అన్నారు. ఆ కొంచెం పెద్దదాని మీద నా వేళ్ళ చర్మం రెండుసార్లు ఊడి మళ్ళీ వచ్చింది.

బ్యాండులో మేం ముగ్గురం. పియానో మెల్విన్ గారు, బాస్ నేను, డ్రమ్సు అప్పలరాజు. అప్పలరాజు నా ఈడువాడే, పెందుర్తి దగ్గర పెళ్ళి బ్యాండులో పెద్ద డోలు కొట్టి వచ్చాడు. నాలుగోవారు జెరోమ్ గారు. హోటలు తెరిచినప్పటి నుంచీ అక్కడ బాస్ వాయించింది ఆయనే. ఎడమచేతి రెండు వేళ్ళు వంగి గట్టిపడిపోవడంతో యాజమాన్యం ఆయన్ను మ్యూజిక్ లైబ్రేరియన్ చేసింది. అంటే పాటల కాగితాలు కాపీ చెయ్యడం, వాటికి నంబర్లు వెయ్యడం, తీరిక దొరికితే నన్ను తిట్టి నేర్పడం.

ఆయన లైబ్రరీలో నలభై ఒకటో నంబరు పాటకు పేరు లేదు. పైన నెమ్మదిగా అని మాత్రమే రాసి ఉండేది. అది ఆయన సొంతంగా కట్టిన బ్యాలడ్.

బ్యాలడ్ అంటే మనకు కథాగేయం గుర్తొస్తుంది. జాజ్ వాద్యకారులు ఆ మాట వాడేది నిదానంగా నడిచే పాటకు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక సెకను పడుతుంది. వినడానికి హాయిగా ఉంటుంది గానీ వాయించేవాడికి తల ప్రాణం తోకకొస్తుంది. వేగంగా నడిచే పాటలో తప్పు చేస్తే ఎవరూ పట్టుకునేలోగా దాటిపోవచ్చు. బ్యాలడ్‌లో తప్పు పక్కనే కూర్చుని మన ముఖంలోకి చూస్తుంది. డ్రమ్సు కర్రలు పక్కన పెట్టి, సన్నటి ఇనుప తీగల కుంచెలతో చర్మం మీద గుండ్రంగా రాస్తూ ఉండాలి. అప్పలరాజుకు ఇది పెద్ద అవమానం. "డోలు కొట్టినోణ్ణి బావా, ఇప్పుడు ఇల్లు తుడుత్తన్నాను" అనేవాడు.

పాట నిర్మాణం మన కీర్తన తెలిసినవాళ్ళకు కష్టం కాదు. పల్లవి లాంటి భాగం రెండుసార్లు, తర్వాత అనుపల్లవి లాంటిది, మళ్ళీ పల్లవి. ఇదంతా కలిపి ఒక చుట్టు. పాట నెమ్మది కాబట్టి బ్యాలడ్‌లో చుట్ల మీద చుట్లు తిప్పరు. ఒకరు పూర్తి చుట్టు పాడతారు, ఇంకొకరు రెండో చుట్టులో రెండు పల్లవులూ తీసుకుని తన ఊహ కొద్దీ వాయిస్తారు, మొదటివారు అనుపల్లవి దగ్గర తిరిగి అందుకుని పాట ముగిస్తారు. ఇది అందరూ ఎరిగిన పద్ధతి. మామూలుగా బాస్ పని కింద ఉండి పునాది మొయ్యడం. ఈ పాటలో మాత్రం బాసే పాడుతుంది. పునాది లేచి పాడుతోంది గనక, ఇల్లు కూలకుండా పియానో ఎడమచెయ్యి కాచుకోవాలి.

నలభై ఒకటో నంబరు ప్రత్యేకత అది కూడా కాదు. ప్రతి పల్లవి చివరా ఎనిమిది దెబ్బల కాలం అందరూ ఆగిపోవాలి. పియానో పెడల్ తొక్కిపట్టి ఉంటుంది, లోపలి తీగల ఝంకారం సన్నగా ఉంటుంది, అంతే. ఎనిమిది సెకన్లు ఎంతలే అనుకునేవాళ్ళు, నిండా జనం ఉన్న భోజనాల హాల్లో ఒకసారి లెక్కపెట్టి చూడాలి.

1979లో ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల షిఫ్టులో ఆ పాట మొదటిసారి వేశాం. జెరోమ్ గారు వంటగది తలుపు దగ్గర నిలబడి వింటున్నారు.

మొదటి నిశ్శబ్దం నేను పాడుచేశాను. హరికథలో దాసుగారు ఊపిరి తీసుకునే చోట, ఆయన పాడిన చివరి ముక్క ఫిడేలు తిరిగి పలకాలి. ఆ ఖాళీ నింపడానికే నన్ను పిలిచేవారు. ఎనిమిదేళ్ళ అలవాటు. పియానో ఆగగానే, నేను వద్దనుకుంటూ ఉండగానే, నా చెయ్యి వెళ్ళి చివరి ముక్కను గమకంతో సహా తిరిగి పలికించింది. రెండో నిశ్శబ్దంలో నా చెయ్యి నేను గట్టిగా అదిమిపట్టుకున్నాను. ఈసారి అప్పలరాజు. పెళ్ళి బ్యాండులో అన్నీ ఒక్కసారిగా ఆగాయంటే అక్కడ తాళి కడుతున్నారని లెక్క. వాడు కుంచెలు కింద పడేసి, కర్రలు అందుకుని గట్టిమేళం వాయించాడు. ఒక మూల టేబులు దగ్గర ఎవరో పెద్దావిడ అలవాటు కొద్దీ చేతిలో ఉన్న అన్నం మెతుకులు అక్షింతల్లా వెయ్యబోయి ఆగింది.

మూడో నిశ్శబ్దం ముగ్గురం సరిగ్గా పాటించాం. ఘోరం అక్కడే జరిగింది.

హోటలు సంగీతం గురించి బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. అది వినడానికి కాదు. నాలుగో టేబులు మాటలు ఐదో టేబులుకు వినపడకుండా ఉండడానికి. జనం కూడా మా చప్పుడుకు తగ్గట్టు గొంతు పెంచుకుని మాట్లాడతారు. మేం ఆగినా ఆ గొంతు వెంటనే ఆగదు. ఆ ఎనిమిది సెకన్లలో, ఏదో కాంట్రాక్టు కంపెనీ జూనియర్ ఇంజినీరు తన స్నేహితులతో చెబుతున్న మాట హాలంతా మోగింది: "మా పెద్దింజినీరుకి రసమట్టంలో లెవెల్ చూడ్డం రాదురా, బుడగ ఎటుంటే అటు తల వంచుతాడు." స్తంభం వెనక ఏడో టేబులు దగ్గర పెద్దింజినీరు కుటుంబంతో సహా భోంచేస్తున్నారు. ఆయన తల అప్పుడు నిజంగానే కొంచెం పక్కకు వంగి ఉంది.

మర్నాడు మాకు మెమో వచ్చింది. "భోజనశాలయందు సంగీతము జరుగుచుండగా సదరు సంగీతము ఏ కారణము చేతను ఆగరాదు. ఆగినచో బ్యాండువారే బాధ్యులు." నలభై ఒకటో నంబరు బీరువాలోకి వెళ్ళిపోయింది.

మూడేళ్ళకు, 1982లో, జెరోమ్ గారి రిటైర్మెంటు వచ్చింది. సిబ్బంది కుటుంబాలను హోటలు హాల్లోకి రానిచ్చేవారు కాదు. ఒక్క మినహాయింపు ఉండేది. రిటైరయ్యే ఉద్యోగి చివరి ఆదివారం భార్యతో కలిసి హాల్లో కూర్చుని భోజనం చెయ్యవచ్చు. ఆయన భార్య ఫిలోమినమ్మ గారు అన్నేళ్ళలో భర్త వాద్యం ఒక్కసారీ వినలేదు. వాళ్ళది వన్ టౌన్ సందులో మేడ మీద గది, ఆ మెట్ల మలుపులో బాస్ తిరగదు. అందుకే అది ఎప్పుడూ ఇంటికి వెళ్ళలేదు. తన భర్త ఒక బీరువాను పట్టుకుని నిలబడే ఉద్యోగం చేస్తున్నాడని ఆవిడ అభిప్రాయం. ఆవిడ మాత్రం తెల్లవారుజాము నుంచీ కుట్టుమిషను మీదే ఉండేది.

జెరోమ్ గారు నన్ను లైబ్రరీ గదిలోకి పిలిచి, ఆ ఆదివారం తన పాట వాయించమన్నారు. తన వేళ్ళు ఎలాగూ పనికిరావు. నిశ్శబ్దం నాలుగు దెబ్బలకు తగ్గిస్తే మేనేజరు గారు ఒప్పుకుంటారేమో అన్నాను. ఆయన కాగితాలు సర్దుతూ చెప్పారు. పెళ్ళయిన ఏడాది వన్ టౌన్ మేడ మీది గదిలో కూర్చుని కట్టిన పాట అది. ఆవిడ మిషను తొక్కుతూ ఉండేది. అంచు దగ్గరకు రాగానే మిషను ఆగేది. సూది పక్కన గుడ్డను అదిమిపట్టే కాడ ఎత్తి, గుడ్డ తిప్పి, మళ్ళీ కాడ దించి తొక్కేసరికి సరిగ్గా ఎనిమిది దెబ్బలు.

"ఆవిడికి నాను సెప్పలేదు, నువ్వూ సెప్పకు. ఇంటే తనకే తెలవాల. తెలీలేదనుకో, తెలీలేదు. అంతే మరి" అన్నారు.

అంతే మరి అన్నారు గానీ, ఆ మాట అంటూ కాగితాలు తలకిందులుగా పెట్టారు. ఆయన అడిగింది ఒక్క పాట. అది చెడగొడితే నా ముఖం నేను చూసుకోలేనని నాకు అప్పుడే తెలిసింది.

అనుమతి సంపాదించే పని మెల్విన్ గారిది. వారం వారం ప్రోగ్రాం షీటులో పాటల వరస రాసి మేనేజరు గారి సంతకం తీసుకోవాలి. మేనేజరు గారిది కృష్ణా జిల్లా, కాగితం చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. మెల్విన్ గారు గార్డు పద్ధతిలో వాదించారు. సిగ్నలు దగ్గర ఆగిన బండి ప్రయాణం మానుకున్నట్టు కాదు, పెడల్ కిందికి ఉన్నంతసేపూ సంగీతం లైన్ మీదే ఉన్నట్టు. మేనేజరు గారు అంతా విని, "మీ బండి సంగతి సరేనండీ, ఆ ఎనిమిది సెకన్లూ మా కస్టమర్ల నోళ్ళు ఎవరు మూస్తారు?" అని అడిగారు. సమాధానం పక్కనే నిలబడిన హెడ్ వెయిటరు చెప్పాడు. "ముళ్ళ సేపలు ఎట్టీండి బాబూ. ముల్లు ఏరుకుంతన్నోడు మాటాడ్డు." ఆ విధంగా చివరి ఆదివారం మెనూలో చిన్నచేపల వేపుడు చేరింది. ఒక బ్యాలడ్ కోసం చేపలు మార్చిన హోటలు ఇంకెక్కడా ఉండి ఉండదు.

మిగిలింది మా చేతులు. జెరోమ్ గారు అప్పలరాజుకు వెంటనే మందు కనిపెట్టారు. నిశ్శబ్దం రాగానే కుంచెలు రెండూ చంకలో పెట్టుకోవాలి. నా జబ్బు మొండిది. రిహార్సల్లో ప్రతిసారీ నా చెయ్యి ఆ ఖాళీలోకి దూరుతూనే ఉంది.

"దాసుగోరు ఊపిరి తీసుకుంతన్నారు అనుకుంతన్నావేటి సూరిబాబూ? ఇక్కడ దాసుగోరు లేరు. ఆయన పోనారు అనుకో" అన్నారు జెరోమ్ గారు.

అలా అనుకుని చూశాను. నా చెయ్యి పోయిన దాసుగారికి కూడా పక్కవాద్యం వాయించింది.

ఆఖరికి ఆయన, చెయ్యి జేబులో పెట్టేసుకో అన్నారు. మంచి ఉపాయమే. కాని మా యూనిఫాంకు జేబుల్లేవు. చెంచాలు మాయమవుతున్నాయని వడ్డన సిబ్బంది బట్టలన్నిటికీ జేబులు తీసేయించారు. నేను జాబితాలో వెయిటర్ల కింద ఉన్నానుగా. కోటుకు జేబు మూతలున్నాయి గానీ, ఎత్తి చూస్తే కింద కోటే ఉంటుంది.

ప్యాంటు పట్టుకుని ఫిలోమినమ్మ గారి దగ్గరకు వెళ్ళాను. "హోటలోలు తిడతారు కదా బాబూ, జేబు దేనికి?" అని అడిగింది. రుమాలుకు అన్నాను. రుమాలుకు ఇంత లోతు అక్కర్లేదే అంటూనే, మణికట్టు దాకా చెయ్యి పట్టేలా గట్టి గుడ్డతో కుడివైపు జేబు కుట్టి ఇచ్చింది. ఆ జేబుతో మళ్ళీ రిహార్సల్ చేశాను. నా చెయ్యి మొదటిసారి బుద్ధిగా కూర్చుంది.

ఆదివారం ఒంటిగంటకు ఫిలోమినమ్మ గారు కొత్త చీర కట్టుకుని, ఐదో టేబులు దగ్గర భర్త పక్కన, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పన్నెండు టేబుళ్ళకూ చేపలు వెళ్ళాయి. మెల్విన్ గారు గార్డు వాచీ విప్పి పియానో మీద పెట్టి, తల ఊపారు.

మొదటి పల్లవి పాడాను. ఆగాం. చెయ్యి జేబులోకి వెళ్ళింది, కుంచెలు చంకలోకి వెళ్ళాయి. హాల్లో ఒక్క మాట లేదు, పన్నెండు టేబుళ్ళ జనం తలలు వంచుకుని ముళ్ళు ఏరుతున్నారు. ఎనిమిది దెబ్బలు. రెండో పల్లవి, రెండో నిశ్శబ్దం, అదీ గడిచింది. జెరోమ్ గారు చెయ్యి కడుక్కుని భార్య ముఖమే చూస్తున్నారు. అనుపల్లవి దాటి మూడో పల్లవి ముగించి ఆగాను. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

చేప తినని మనిషి హాల్లో ఒక్కరే ఉన్నారు. ఫిలోమినమ్మ గారికి ఆ ఆదివారం ఏదో మొక్కు ఉపవాసమట. ఆవిడ గొంతు, మిషను చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి గట్టిపడిన గొంతు, హాలు ఆ చివర నుంచి ఈ చివర దాకా వినిపించింది.

"ఆ జేబు నానే కుట్టాను."

జనం నవ్వారు. జెరోమ్ గారు నవ్వలేదు. ఆయన చూపు ప్లేటులోకి దిగిపోయింది. పెళ్ళినాటి పాట వినిపిస్తే ఆవిడకు కనిపించింది జేబు. నాకు నిజంగా బాధేసింది. కాని బాధపడే తీరిక లేదు, ఎందుకంటే తలుపు దగ్గర నిలబడిన మేనేజరు గారు ఆ మాట విని నా ప్యాంటు వైపు చూస్తున్నారు.

ఇంకా మూడు నిశ్శబ్దాలు ఉన్నాయి. రెండు మెల్విన్ గారి వంతులో, చివరిది నాది. మెల్విన్ గారు వాయిస్తున్నంతసేపూ నేను కింద పునాది మోస్తూ ఆలోచించాను. అనుమతి లేని జేబులో, మేనేజరు గారి కళ్ళ ముందు, చెయ్యి పెట్టాలా వద్దా. పెట్టకపోతే ఆ చెయ్యి ఏం చేస్తుందో నాకు తెలుసు. నాలుగోసారి పెట్టాను. ఆయన రెండడుగులు ముందుకొచ్చారు. ఐదోసారి పెట్టాను. ఆయన ఏడో టేబులు దాకా వచ్చారు. చివరి పల్లవి ముగించి ఆరోసారి పెట్టేసరికి, ఆయన వేదిక మెట్టు పక్కన నిలబడి జేబు లోతు కళ్ళతో కొలుస్తున్నారు. ఆరు దెబ్బలు లెక్కపెట్టాను. ఏడో దెబ్బ మీద నా చెయ్యి భయపడి బయటికొచ్చి, ఆఖరి స్వరం మీటేసింది. మెల్విన్ గారు దాని కింద తన ముగింపు చప్పున సర్దేశారు. చప్పట్లు కొట్టారు. ఆ రెండు దెబ్బల తొందర హాల్లో ఎవరికీ తెలియలేదనుకున్నాను.

మర్నాడే మెమో వచ్చింది. సంస్థ యూనిఫాంకు అనుమతి లేకుండా జేబు అమర్చినందుకు సంజాయిషీ ఇవ్వాలి, మూడు రోజుల్లో సదరు జేబు తొలగించి చూపాలి. మంగళవారం పొద్దున్న ప్యాంటు సంచిలో పెట్టుకుని వన్ టౌన్ వెళ్ళాను. జెరోమ్ గారు కిటికీ దగ్గర పేపరు చదువుతున్నారు. రిటైరై రెండు రోజులే అయింది, రెండేళ్ళు అయినట్టున్నారు. నన్ను చూసి, "ఆవిడికి జేబే కనపడ్డాది సూరిబాబూ" అని, మళ్ళీ పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఫిలోమినమ్మ గారు మిషను మీద ఎవరిదో లంగా అంచు కుడుతోంది. నేను మెమో సంగతి చెప్పాను. వింటూ తొక్కుతూనే ఉంది. అంచు దగ్గరకు వచ్చింది. మిషను ఆగింది. కాడ ఎత్తింది, గుడ్డ తిప్పింది, చేత్తో నిదానంగా చదును చేసి కాడ దించింది. నేను లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను. ఎనిమిది.

"ఆరుసార్లు జేబులో సెయ్యెట్టినావు. ఐదుసార్లు బాగానే ఉంది. ఆరోసారి బేగి తీసీసినావు. ఆపాటికి గుడ్డ తిరగదు" అంది, నా వైపు చూడకుండా.

కిటికీ దగ్గర పేపరు కిందికి దిగింది. జెరోమ్ గారు భార్యను చూశారు. "టీ ఎడతావేటి?" అన్నారు.

"మీరే ఎట్టండి. నాను కుట్టు మీదున్నాను కదా" అందావిడ.

ఆయన లేచి వెళ్ళి పెట్టారు. మూడు కప్పులు. చక్కెర వెయ్యడం మరిచిపోయారు. ముగ్గురం అలాగే తాగేశాం.

జేబు మాత్రం ఆవిడ విప్పలేదు. తను కుట్టింది విప్పడం అలవాటు లేదంది. దర్జీ నిరాకరించినందున తొలగించలేకపోయాను అని సంజాయిషీ రాశాను. మెల్విన్ గారు దాని కింద, సదరు జేబు బాస్ వాద్యంలో భాగమని ఒక వాక్యం చేర్చారు. పది రోజులు ఫైలు తిరిగి, జేబును వాద్య సామగ్రి రిజిస్టరులో ఎక్కించారు. అప్పటి నుంచి గేటు దగ్గర నా జేబు రోజూ తనిఖీ చేసేవారు. అందులో ఎన్నడూ ఒక్క చెంచా దొరకలేదు.

ఆ తర్వాత నేను ఎన్నో ఏళ్ళు బాస్ వాయించాను, కొందరికి నేర్పాను కూడా. ఆ ఆదివారం నుంచి నేర్చుకున్నది ఒక్కటే, నేర్పిందీ అదే. బ్యాలడ్‌లో ఆగమని రాసిన చోట చివరి దెబ్బ దాకా ఆగాలి. హాలంతా ముళ్ళు ఏరుకుంటూ ఉండవచ్చు, మేనేజరు మెట్టు దాకా వచ్చి ఉండవచ్చు. లెక్కపెట్టే మనిషి ఒకరు ఐదో టేబులు దగ్గర ఉంటారు.